ఆర్డిస్ సంతకాల బల్ల

మార్చి మొదటి వారం, దూడలు పుట్టే రోజులు. ఆ ఉదయం వెండెల్ ఎంగెన్ మంచులో తడిసి వణుకుతున్న ఒక దూడను భుజాన వేసుకొచ్చి, వంటింటి పక్క గదిలో హీటరు ముందు పడుకోబెట్టాడు. అతని భార్య ఆర్డిస్ నేల మీద చతికిలబడి పాత తువ్వాలుతో దాని ఒళ్ళు రుద్దుతోంది. రేడియోలో ముందు పశువుల ధరలు చెప్పారు, ఆ తర్వాత వార్తలు. గవర్నరు సంతకం చేశాడట. జూలై నుంచి సౌత్ డకోటాలో గర్భం తీయడం నేరం. తల్లి ప్రాణం పోయేలా ఉంటే తప్ప డాక్టరు చెయ్యి వెయ్యకూడదు. బలాత్కారం జరిగినా అంతే, తల్లి ఆరోగ్యం ఏమైపోయినా అంతే.

ఆర్డిస్ చెయ్యి ఆగిపోయింది.

"రుద్దు, చల్లబడిపోతుంది," అన్నాడు వెండెల్. మళ్ళీ కాసేపటికి, బూట్ల లేసులు విప్పుకుంటూ, "జోడీకి అప్పుడు జరిగింది గనక ఇప్పుడు జరిగి ఉంటే..." అన్నాడు.

"ఆ మాట ఎత్తకు వెండెల్."

అతను ఎత్తలేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆర్డిస్ ఏది ఎత్తవద్దంటే అది అతను ఎత్తినవాడు కాదు.

ఆర్డిస్‌కు అప్పటికి అరవై రెండేళ్ళు. పుట్టింది, పెరిగింది, కాపురానికి వచ్చింది అంతా హెగ్గెన్ ఊరికి కనుచూపు మేరలోనే. ఇంటి దగ్గర ఆవుల పని చూసుకుంటూ, పగలు ఊళ్ళోని ధాన్యం గోదాములో కాటా దగ్గర కూర్చునేది. లారీ వచ్చి కాటా మీద ఆగితే బరువు చూసి, గింజలో తేమ చూసి చీటీ రాసిచ్చేది. ఆదివారం లూథరన్ చర్చికి వెళ్ళేది. శీతాకాలం విందుకి బంగాళదుంప రొట్టెలు కాల్చడంలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి. ఎన్నికలప్పుడు ఓటు వేసి వచ్చేది గానీ ఎవరికి వేసిందో వెండెల్‌కు కూడా చెప్పేది కాదు. ఊళ్ళో దేని గురించీ ఆమె గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు.

జోడీ ఆమె ఒక్కగానొక్క కూతురు. పన్నెండేళ్ళ కిందట జోడీకి తొలిచూలు. అయిదో నెల నిండకుండానే ఉమ్మనీరు పోయింది. ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికి ఒళ్ళు కాలిపోతోంది. లోపల బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటోంది గానీ బతికి బయటపడే దారి లేదు. పెద్ద డాక్టరు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, జోడీ కళ్ళలోకి చూస్తూ చెప్పాడు: "అమ్మాయ్, ఈ కడుపు నిలవదు. విషం రక్తంలోకి పాకడం మొదలైంది. ఇప్పుడే తీసేస్తే నువ్వు దక్కుతావు. ఆగుదామంటే ఆగుతాను, కానీ ఎంతవరకు ఆగొచ్చో నాకు తెలీదు." జోడీ తల్లి చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చి, చివరికి తల ఊపింది. బిడ్డకు ముందే పేరు పెట్టుకుంది. ఆ పేరు ఆర్డిస్‌కూ వెండెల్‌కూ జోడీ మొగుడికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. కడుపు పోయిందని మాత్రం ఊరికి చెప్పారు. రెండేళ్ళకు జోడీకి ఆడపిల్ల పుట్టింది, పేరు బ్రిటా. వాళ్ళు మినియాపొలిస్‌లో స్థిరపడ్డారు.

ఇప్పుడు రేడియోలో ఆ మాట విన్నాక ఆర్డిస్‌ను పట్టుకుని వదలని ప్రశ్న ఒకటే. తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప వద్దన్నారు. ఎంత ముప్పు ఉంటే చాలు? ఆ డాక్టరు ఇప్పుడైతే ఆ కుర్చీలో కూర్చుని ఏం చేస్తాడు? పిల్ల ఇంకొంచెం చావుకు దగ్గర కావాలని ఎదురుచూస్తూ గడియారం చూసుకుంటాడా?

ఓటర్ల చేత సంతకాలు పెట్టిస్తే ఆ చట్టాన్ని ఆపి, నవంబరులో జనం ఓటుకు పెట్టించవచ్చని వారం తర్వాత తెలిసింది. రాష్ట్రంలోకెల్లా పెద్ద ఊరు సూ ఫాల్స్‌లో కొందరు ఆ పని మొదలుపెట్టారు. ఆర్డిస్ వాళ్ళకు ఫోను చేసింది. అవతల ఎత్తినావిడ పేరు మెరిడిత్.

"మీ వైపు నుంచి ఇంతవరకు ఒక్కరూ ఫోను చెయ్యలేదండీ," అంది మెరిడిత్.

"చెయ్యరు," అంది ఆర్డిస్. "కాగితాలు పంపండి."

కాగితాలు రాగానే ఆమె మొదట వెళ్ళింది లవోన్ సేథర్ ఇంటికి. ఒకటో తరగతి నుంచి ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. ఒకరి పెళ్ళిలో ఒకరు తోడిపెళ్ళికూతుళ్ళు. లవోన్ కాఫీ పోసి, దాల్చినచెక్క రొట్టె కోసి పెట్టింది. ఆర్డిస్ సంగతి చెప్పింది. లవోన్ కత్తి పక్కన పెట్టింది.

"నా చేత సంతకం పెట్టించడానికి వచ్చావటే?"

"నిన్ను అడక్కుండా వేరే ఎవర్నైనా ముందు అడిగితే నువ్వు ఊరుకుంటావా?"

"అదీ నిజమే," అని లవోన్ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. గోడ మీది ఫోటో వైపు చూసింది. అందులో ఆమె కొడుకు కెంట్, పక్కన అతని ఇద్దరు పిల్లలు. లవోన్‌కు పిల్లలు పుట్టలేదు. కెంట్‌ను పది రోజుల పసిగుడ్డుగా తెచ్చుకుని ఆమె, భర్త లైల్ కలిసి పెంచుకున్నారు. "వాణ్ణి కన్న పిల్లకి పదహారేళ్ళట. పెళ్ళి లేదు, చేతిలో పైసా లేదు. ఆ పిల్ల నీ కాగితంలో ఉన్న దారి పట్టి ఉంటే నాకేం మిగిలేది, చెప్పు. ఈ ఇల్లు ఖాళీ. లైల్, నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండేవాళ్ళం."

ఆర్డిస్ కూడా ఆ ఫోటో వైపు చూసింది. కెంట్ ఆమె చేతుల్లోనూ పెరిగినవాడే. వాడికి మొదటిసారి సైకిలు తొక్కడం నేర్పింది ఆమె.

"ఆ పిల్ల కనాలని కంది లవోన్," అంది చివరికి. "ఎవరో కనమంటే కనలేదు."

"నీకెలా తెలుసు?"

తెలియదు. ఆర్డిస్ ఒప్పుకుంది. కాఫీ తాగింది, రొట్టె తింది, కాగితాలు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చింది. గుమ్మం దగ్గర లవోన్ ఎప్పటిలాగే "జాగ్రత్త, మెట్ల మీద మంచు ఉంది," అంది. చాలా నెలల దాకా వాళ్ళిద్దరి మధ్య పలికిన చివరి మంచి మాట అదే.

శనివారాలు కిరాణా కొట్టు ముందు మడతబల్ల వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది ఆర్డిస్. కొట్టు యజమాని పొమ్మనలేదు, రమ్మనలేదు. గోదాములో మాత్రం మేనేజరు ముందే చెప్పేశాడు: "ఇక్కడ కాటా దగ్గర ఆ కాగితాలు కనపడకూడదు ఆర్డిస్. బయట నీ ఇష్టం." సరేనంది. ఏప్రిల్ గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద జాం సీసాలు పెట్టుకుంది. మొదటి శనివారం ఎవరూ ఆగలేదు. అందరూ పలకరించారు, వాన గురించి మాట్లాడారు, బల్ల మీద ఏముందో చూశారు, వెళ్ళిపోయారు.

రెండో శనివారం డ్వెయిన్ హోఫర్ ఆగాడు. అవతలి పొలాల్లో ఆవుల మంద ఉన్న పెద్దమనిషి. టోపీ వెనక్కి నెట్టుకుని, నలుగురూ వినేలా అన్నాడు: "ఏం ఆర్డిస్, చచ్చే దూడల్ని కూడా బతికించేదానివి, పిల్లల్ని చంపించే పని పెట్టుకున్నావా?"

"నీ ఆవు ఈనలేక కష్టపడుతుంటే తెల్లారకముందే ఎవరికి ఫోను చేస్తావు డ్వెయిన్?"

"నీకు."

"చట్టసభకి చెయ్యవు కదా."

పక్కన నిలబడ్డ ఇద్దరు మగవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. డ్వెయిన్ కూడా సగం నవ్వాడు. సంతకం మాత్రం పెట్టలేదు. ఆ మధ్యాహ్నమే అతని అన్నగారు, మహా మొండి మనిషి, వచ్చి పెట్టాడు. "నాకు గర్భం తీయించుకోవడం గిట్టదు," అని ముందే చెప్పాడు. "మా ఇంట్లో ఎవరైనా అలా చేస్తే నేను ఒప్పుకోను. కానీ రాజధానిలో కూర్చున్న నూరుగురు నన్ను అడక్కుండా తేల్చేస్తారా? ఓటుకి పెట్టమను. అప్పుడు చూద్దాం." ఓటులో ఎటు వేస్తావని ఆర్డిస్ అడగలేదు.

కొందరు ఆడవాళ్ళు సామాన్ల బండి అడ్డం పెట్టుకుని వంగి గబగబా రాసి వెళ్ళేవారు. ఒకావిడ చేతిలోంచి కలం జారింది. "మా ఆయన కార్లో ఉన్నాడు," అని గొణిగింది. ఆర్డిస్ లేచి, ఏదో సర్దుతున్నట్టు కారుకీ ఆమెకీ మధ్య నిలబడింది. ఆవిడ పేరు ఆర్డిస్‌కు తెలుసు, మొగుడి పేరు తెలుసు, వాళ్ళ గోధుమల తేమ ఎంతో కూడా తెలుసు. ఆవిడకు ఈ సంతకం ఎందుకు అవసరమైందో తెలియదు. అడగలేదు.

మే నెలాఖరుకు సంతకాలు అప్పజెప్పారు. రాష్ట్రం మొత్తం మీద కావలసినవాటికి రెట్టింపు పైనే వచ్చాయి. చట్టం ఆగింది. నవంబరులో ఓటు అని ఖాయమైంది.

అక్కడి నుంచి ఊరు బిగుసుకుంది. ఏప్రిల్‌లో సంతకాల బల్ల ఒక వింత. ఇప్పుడు ప్రతి ఇంటి ముందూ బోర్డులు లేచాయి, ఎక్కువ భాగం చట్టానికి ఓటు వెయ్యమని. ఆర్డిస్ ఇంటి ముందు పెట్టిన బోర్డును ఎవరో కారుతో తొక్కించి పోయారు. వెండెల్ దాన్ని సరిచేసి, ఈసారి ఇనప కంచె గుంజకు తీగతో కట్టాడు. "ఇప్పుడు తొక్కిస్తే వాడి టైరే పోతుంది," అన్నాడు. అతను ఆ విషయం మీద మొత్తం ఎన్నికల్లో మాట్లాడింది అంతే.

చర్చి విందుకు రొట్టెలు కాల్చే ఆడవాళ్ళ జట్టు నుంచి ఫోను వచ్చింది. ఈ ఏడాది సాయానికి చిన్నవాళ్ళు చాలామంది ఉన్నారని, ఆర్డిస్ విశ్రాంతి తీసుకోవచ్చని చెప్పారు. మాట మెత్తగానే ఉంది. ఆర్డిస్ కూడా మెత్తగానే సరేనని ఫోను పెట్టేసి, పెనం పొయ్యి మీద పెట్టి, ఇద్దరు మనుషులున్న ఇంట్లో నలభై రొట్టెలు కాల్చింది. వెండెల్ వారం రోజులు అవే తిన్నాడు. చర్చిలో పాస్టరు ఆ విషయం ఎత్తలేదు. ప్రార్థన అయ్యాక చెయ్యి కలిపేటప్పుడు మాత్రం ఆమె చేతిని కొంచెం ఎక్కువసేపు పట్టుకునేవాడు. అది ఓదార్పో మందలింపో ఆమెకు తేలలేదు.

సెప్టెంబరులో మెరిడిత్ సూ ఫాల్స్ నుంచి కారేసుకుని వచ్చింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, అలిసిపోయి ఉంది. వంటింట్లో కూర్చుని, టీవీలో వేయడానికి ఒక ప్రకటన తీస్తున్నామని చెప్పింది. పొలం మనిషి, చర్చికి వెళ్ళే మనిషి, అమ్మమ్మ, ఇలాంటి గొంతు వినపడితే జనం వింటారు. "మీకు ఏదో జరిగింది కదూ ఆర్డిస్ గారూ? ఊరికే ఎవరూ ఇంత మొయ్యరు. అది చెప్పండి చాలు, ఇంకేం అక్కర్లేదు."

"అది నాకు జరిగింది కాదు," అంది ఆర్డిస్. "అడిగి చూస్తాను."

ఆ సాయంత్రం జోడీకి ఫోను చేసింది. జోడీ చివరిదాకా వింది.

"అమ్మా, నువ్వు చేస్తున్నది చూస్తే నాకు గర్వంగా ఉంది," అంది. "కానీ వద్దు. నేను దాన్ని ఎక్కడో లోపల పెట్టుకుని బతుకుతున్నాను. బ్రిటాకే ఇంకా చెప్పలేదు. టీవీలో చూసి ఎవరెవరో నా మొహం చూసి జాలిపడటం, నేను చేసింది తప్పో ఒప్పో తేల్చడం నేను తట్టుకోలేను. కోపం వచ్చిందా?"

"లేదమ్మా."

కొంచెం వచ్చింది. ఫోను పెట్టేశాక ఆర్డిస్ సింకు దగ్గర నిలబడి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఒక్క మాట చెబితే ఊళ్ళో సగం నోళ్ళు మూతపడతాయి. లవోన్ నోరు కూడా. ఆ ఒక్క మాట ఆమె దగ్గర ఉంది, వాడుకోవడానికి లేదు. మర్నాడు మెరిడిత్‌కు కుదరదని చెప్పింది. మెరిడిత్ నిరాశ దాచుకోలేకపోయింది గానీ మళ్ళీ అడగలేదు.

అక్టోబరులో బడి ఆటల హాలులో సభ పెట్టారు. ఇరువైపుల వాళ్ళూ మాట్లాడవచ్చన్నారు. జనం బాగా వచ్చారు. చట్టానికి మద్దతుగా మరో చర్చి పాస్టరు మాట్లాడాడు, ఒక డాక్టరు మాట్లాడాడు. ఆ తర్వాత లవోన్ లేచింది. ఆమె ఎన్నడూ సభలో మాట్లాడిన మనిషి కాదు, చేతిలో కాగితం కూడా లేదు. కెంట్‌ను ఇంటికి తెచ్చిన రోజు గురించి చెప్పింది. కారులో పసివాడు ఏడుస్తుంటే లైల్ దారి తప్పి ఎవరి పొలంలోకో పోయాడని చెప్పినప్పుడు అందరూ నవ్వారు. ఆ పదహారేళ్ళ పిల్ల ఎక్కడుందో తెలియదనీ, ప్రతి క్రిస్మస్‌కూ ఆమె కోసం ఒక కొవ్వొత్తి వెలిగిస్తాననీ చెప్పినప్పుడు చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. ఆర్డిస్ కూడా తుడుచుకుంది. ఆ కొవ్వొత్తి ఆమెకు తెలుసు.

కూర్చోబోయిన లవోన్ మళ్ళీ నిలబడి ఆర్డిస్ వైపు తిరిగింది.

"నా బతుకు నీ ముందు పరిచాను. యాభై ఏళ్ళ నుంచి నాకు తెలిసిన మనిషివి. నీకేం పోయిందని ఈ పని నెత్తినెత్తుకున్నావు? నీ ఇంట్లో ఏం జరిగింది? చెప్పు, నేనూ వింటాను."

హాలంతా ఆర్డిస్ వైపు తిరిగింది. ఆమె లేచి నిలబడింది. జోడీ జ్వరం, డాక్టరు కుర్చీ, బిడ్డ పేరు అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. పక్కన వెండెల్ నేల చూస్తున్నాడు. అతని చెయ్యి ఆమె కోటు అంచు పట్టుకుని ఉంది.

"జరిగింది లవోన్," అంది. "కానీ అది చెప్పడానికి నాది కాదు. నాదైనా చెప్పను." కోటు అంచు మీది వెండెల్ చేతిని ఒకసారి తాకింది. "నా బాధంతా అదే. ఒక ఆడమనిషి ప్రాణం మీదికొస్తే, తన సంగతంతా ఇలా నలుగురి ముందూ విప్పి, ఇది చాలా, ఇంకా చెప్పాలా అని అడుక్కోవాలా? చెప్పింది నచ్చితే సరేనంటాం, నచ్చకపోతే లేదంటాం. మనం ఎవరం? నువ్వు కెంట్‌ని తెచ్చుకున్నప్పుడు నిన్ను ఎవరూ ఇలా నిలబెట్టి అడగలేదు. అడిగితే నేను ఊరుకునేదాన్ని కాదు."

కూర్చుంది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడయింది. సభ నడిపిస్తున్నాయన తర్వాతి పేరు పిలిచాడు. ఇంటికి పోయే దారిలో ఆర్డిస్ ట్రక్కు కిటికీకి తల ఆన్చి, "అంతా పాడుచేశాను కదూ?" అంది. వెండెల్ లేదన్నట్టు తల ఊపాడు.

ఓట్ల రోజు మొక్కజొన్న లారీలు బారులు తీరాయి. ఆర్డిస్ తెల్లవారగానే ఓటు వేసి కాటా దగ్గరికి వచ్చింది. ఫలితం మర్నాడు ఉదయం రేడియోలోనే విన్నది. రాష్ట్రం చట్టాన్ని తోసిపుచ్చింది, తేడా బాగానే ఉంది. మెరిడిత్ ఫోనులో ఏడుస్తూ నవ్వుతూ మాట్లాడింది. హెగ్గెన్ ఉన్న జిల్లాలో మాత్రం చట్టమే గెలిచింది. ఆర్డిస్ అది ముందే ఊహించింది. ఊహించనిది మరొకటి. మధ్యాహ్నం స్థానిక పత్రిక వాళ్ళు హెగ్గెన్ పోలింగు కేంద్రం లెక్కను తమ ఆఫీసు బయట అంటించారు. హెగ్గెన్‌లో చట్టం వద్దని వేసినవాళ్ళు ఆమె మనసులో లెక్కేసుకున్న మనుషులకు మూడింతలు ఉన్నారు. బోర్డు పెట్టనివాళ్ళు, బల్ల దగ్గర ఆగనివాళ్ళు, వీధిలో మొహం తిప్పుకున్నవాళ్ళు అందులో ఎందరో ఉన్నారన్నమాట. ఆ లెక్క ముందు నిలబడి ఆమె ఒక్కొక్క ఇంటినీ తలుచుకుంది. ఎవరో తేల్చుకోలేకపోయింది. కాసేపటికి తేల్చుకోవడం మానేసింది.

ఆ వారం చివర్లో సేథర్ల లారీ కాటా మీదికి వచ్చింది. నడుపుతున్నది లైల్ కాదు, లవోన్. లైల్‌కు నడుం పట్టేసిందట. ఆమె దిగి, కాటా గది తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఆర్డిస్ బరువు చూసుకుంది. లవోన్ గోడ మీది క్యాలెండరు చూసింది.

"గెలిచావు," అంది లవోన్.

"మన ఊళ్ళో గెలవలేదుగా."

"నేను చట్టానికే వేశాను. మళ్ళీ పెట్టినా అటే వేస్తాను."

"తెలుసు."

లవోన్ చేతి తొడుగులు తీసి, మళ్ళీ వేసుకుంది. "ఆ రోజు హాల్లో నిన్ను అలా అడిగి ఉండాల్సింది కాదే. ఇంటికెళ్ళాక లైల్ కూడా అన్నాడు. అప్పట్నుంచీ నిద్ర పట్టడం లేదు." గొంతు తగ్గించింది. "జోడీయేనా?"

ఆర్డిస్ గిన్నెలోని గింజల్ని తేమ చూసే యంత్రంలో పోసింది. ముల్లు నిలిచేదాకా చూసింది.

"తేమ ఎక్కువుంది," అంది. "ఇంకో నాలుగు రోజులు ఆరబెట్టమని లైల్‌కి చెప్పు, లేకపోతే ధర కోస్తారు."

లవోన్ ఆమె మొహం వైపు కాసేపు చూసింది. "చెప్తాను," అంది. వెళ్ళిపోకుండా, ఆ మూల ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది. ఆర్డిస్ ఫ్లాస్కు మూత తీసి, మూతలో ఒకరికి, గ్లాసులో ఒకరికి కాఫీ పోసింది. కెంట్ చిన్న కొడుక్కి కొత్తగా పళ్ళు ఊడుతున్నాయని లవోన్ చెప్పుకుంటూ పోయింది. వెనక లారీవాడు హారన్ మోగించేదాకా ఇద్దరూ అలా కూర్చున్నారు.